చర్చలో మెరిసిన పాత్ర వేదికపై ఎందుకు తేలిపోతుంది?

క్లుప్తంగా: నాటక బృందాల్లో మేధోమథనం (బ్రెయిన్‌స్టార్మింగ్) దెబ్బతినేది ఆలోచనల కరువు వల్ల కాదు. అందరూ కలిసి మాట్లాడటంతోనే మొదలుపెట్టడం, అడిగే ప్రశ్న వదులుగా ఉండటం, వచ్చిన ఆలోచనను లేచి చేసి చూడకపోవడం అసలు కారణాలు. పాత్రకు పనికొచ్చే పద్ధతి ప్రొడక్షన్‌కు, అంటే సెట్టు, లైటింగ్, దుస్తుల పనికి, సరిపోదు. రెండింటికీ వేరువేరు ప్రశ్నలు, వేరువేరు గడువులు కావాలి.

రిహార్సల్ గదిలో రెండు గంటలు హుషారుగా చర్చ నడుస్తుంది. పాత్ర బాల్యం, భయాలు, నడక, రహస్యాలతో చార్టు నిండిపోతుంది. మర్నాడు సీను మొదలయ్యేసరికి పాత్ర మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. నటుడు చార్టులో ఉన్నదంతా మనసులో పెట్టుకునే డైలాగు చెబుతాడు. చూసేవాళ్లకు అందులో ఒక్కటీ కనిపించదు. ఇలాంటివి నాలుగు చూశాక కొందరు దర్శకులు మేధోమథనం కాలక్షేపమని తీసిపారేస్తారు. మరోపక్క, చేతిలో స్క్రిప్టు లేకుండా బృందమంతా కలిసి నాటకం తయారుచేసుకునేచోట ఇదే మొత్తం పనికి పునాది. రెండు అనుభవాలూ నిజమే. తేడా పద్ధతి పేరులో లేదు, దాన్ని నడిపే తీరులో ఉంది.

ప్రకటనల గదిలో పుట్టిన పద్ధతి

మేధోమథనానికి ఒక రూపం ఇచ్చినవాడు అలెక్స్ ఆస్‌బర్న్. అమెరికాలోని బీబీడీవో ప్రకటనల సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకడు. 1953లో వెలువరించిన పుస్తకంలో దీన్ని వివరంగా చెప్పాడు. నియమాలు నాలుగే. మంచిచెడ్డలు అప్పుడే తేల్చకూడదు. విపరీతమైన ఊహలకూ చోటివ్వాలి. వీలైనన్ని ఆలోచనలు రాబట్టాలి. ఒకరి ఆలోచనకు మరొకరు చేర్పులు చేయాలి.

ఐదేళ్లకే దీనికి పరీక్ష ఎదురైంది. 1958లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నలుగురేసి కలిసి కూర్చున్న బృందాలను, ఎవరికి వారుగా ఆలోచించిన నలుగురి జాబితాలను ఒకచోట చేర్చి పోల్చారు. ఒకే ఆలోచన రెండుసార్లు వస్తే ఒకటిగానే లెక్కించారు. అయినా విడివిడిగా రాసినవాళ్ల జాబితాలే పెద్దవిగా తేలాయి. కారణం ఏమిటన్నది చాలాకాలం తేలలేదు. గుంపులో సోమరితనమా, నలుగురూ నవ్వుతారన్న జంకా, లేక ఇంకేమన్నానా? 1987లో మైకేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ మూడింటినీ విడదీసి చూశారు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ మూడోదానిదే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆగినంతసేపూ తమ ఆలోచన మరిచిపోకుండా పట్టుకోవాలి. పట్టుకున్న చెయ్యి కొత్తదాన్ని అందుకోలేదు. మనుషుల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, ఇంకొకరు మాట్లాడుతున్నంతసేపూ దీపం సైగతో ఆపినా ఫలితం ఇలాగే వచ్చింది. అంటే లోపం మనుషుల్లో కాదు, వరుసలో ఉంది.

మేధోమథనం అంటేనే అందరూ ఒకేసారి గోల చేయడం అన్నట్టు స్థిరపడిపోయింది గానీ, బృందంతో చేసే పని ఒంటరి ఆలోచనకు తోడే తప్ప బదులు కాదని ఆస్‌బర్న్ కూడా చెప్పాడు. పాలు చిలికితే నురగ వస్తుంది, వెన్న కావాలంటే ముందు తోడుపెట్టాలి. నాటక బృందంలో ఆ తోడు, నోరు విప్పకుండా కాగితం మీద రాసే మొదటి 5 నిమిషాలు. దీన్ని ఒక క్రమంలో పెట్టిన పద్ధతి 1968లో జర్మనీ నుంచి వచ్చింది. బెర్న్‌ట్ రోర్‌బాఖ్ ప్రతిపాదించిన 6-3-5 అది. 6 మంది, తలా 3 ఆలోచనలు, 5 నిమిషాలు. తర్వాత కాగితం పక్కవాళ్లకు అందాలి. ఆరు విడతల్లో, 30 నిమిషాల్లో 108 ఆలోచనలు జమవుతాయి.

నాటకంలో ఆలోచన అంటే ఏది?

ప్రకటనల గదిలో ఆలోచన ఒక వాక్యమైతే చాలు, పని అయినట్టే. నాటకంలో అదే వాక్యం ఒక ఒంటి మీదికి ఎక్కాలి, ఫలానా డైలాగు దగ్గర కనిపించాలి, రేపూ ఎల్లుండీ మళ్లీ రావాలి. బయటి రంగం నుంచి తెచ్చిన పద్ధతిని ఉన్నదున్నట్టు వాడితే ఇక్కడే జారుతుంది.

దీన్ని కొలవడానికి కొత్త కొలబద్ద అక్కర్లేదు. నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాలే చాలు. రాసిన చీటీలను ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం, అలంకరణ), సాత్త్వికం (లోపలి భావం బయటపడటం) అని నాలుగు కుప్పలు వేస్తే బృందం ఎటు ఒరుగుతోందో బయటపడుతుంది. కూర్చుని మాట్లాడుకునే బృందాల్లో వాచికం కుప్ప ఉబ్బిపోతుంది, ఆంగికం కుప్పలో నాలుగు చీటీలు కూడా ఉండవు. నోటితో వెతికితే దొరికేవి నోటి పనులే మరి. ఏ కుప్పలోనూ పడని చీటీలు కొన్ని మిగులుతాయి: ‘లోపల ఒంటరివాడు’, ‘చిన్నప్పుడు దెబ్బతిన్నాడు’ లాంటివి. అవి పనికిరానివని కాదు, ఇంకా ఆలోచనలు కాలేదని అర్థం.

అనుభవమున్న బృందాలు ఈ దూరాన్ని వేరువేరు దారుల్లో దాటాయి. ఇంగ్లండులో 1974లో ఏర్పడ్డ జాయింట్ స్టాక్ బృందం పనిని మూడు ముక్కలు చేసింది. ముందు నటులు, దర్శకుడు, రచయిత కలిసి కొన్ని వారాల వర్క్‌షాపు. తర్వాత రచయిత ఒక్కరే వెళ్లి రాయడం. ఆపైన మామూలు రిహార్సళ్లు. కలిసి వెతకడం, ఒంటరిగా ఎంచుకోవడం ఇక్కడ స్పష్టంగా వేరు. బ్రిటిష్ దర్శకుడు మైక్ లీ పద్ధతి ఇందుకు దాదాపు తిరగబడ్డ రూపం. ఆయన ఒక్కో నటుడితో విడిగా పాత్రను తయారుచేస్తాడు. నటుడు తనకు తెలిసిన నిజ మనుషుల జాబితా చెబుతాడు, వాళ్లలోంచి పాత్ర మొలుస్తుంది. తన పాత్రకు తెలియని సంగతి నటుడికీ తెలియదు. పాత్రలు తారసపడేది ఇంప్రొవైజేషన్‌లోనే, అంటే రాసిన డైలాగు లేకుండా అప్పటికప్పుడు నటించడంలోనే. మొదటి దారిలో బృందానికి కథ మొత్తం మీద చూపు ఉంటుంది. రెండోదాంట్లో పాత్రకు లోతు, ఎదుటివాడి మాటకు నిజమైన ఉలికిపాటు దక్కుతాయి, కానీ సమయం విపరీతంగా పడుతుంది. ఎవరైనా రెండింటినీ కలిపేద్దామని చూస్తే అందరికీ అన్నీ తెలిసిపోతాయి, ఉలికిపాటు పోతుంది, పైగా సమయమూ మిగలదు.

పాత్ర కోసం: ప్రశ్న దగ్గరే సగం పని

ఒక చిన్న నాటకం అనుకుందాం. మూతపడుతున్న పాత అచ్చుకూటం. 30 ఏళ్లుగా సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటర్, యంత్రం అమ్మేయడానికి వచ్చిన యజమాని కూతురు, కొనడానికి వచ్చిన పాత ఇనుము వ్యాపారి. ముగ్గురే మనుషులు, ఒకటే గది, 40 నిమిషాలు.

‘కంపోజిటర్ ఎలాంటివాడు?’ అని అడిగితే వచ్చే జవాబులు ముందే ఊహించవచ్చు. నిజాయితీపరుడు, మొండివాడు, లోపల్లోపల కుమిలిపోయేవాడు. అన్నీ విశేషణాలే. విశేషణాన్ని నటించడానికి ఒళ్లు సాయపడదు. మహా అయితే మొహం సాయపడుతుంది, అది అతి అవుతుంది. ప్రశ్నను ఇలా మార్చాలి: ‘వ్యాపారి యంత్రాన్ని తూకం లెక్కన బేరమాడుతున్న 3 నిమిషాలూ కంపోజిటర్ చేతులు ఏం చేస్తుంటాయి?’ ఇప్పుడు జవాబులు వేరు. చెదిరిన అక్షరాలు ఏరి ఏ గడివి ఆ గడిలో వేస్తుంటాడు. ఎవరిదో పేరు పేర్చి, చూసుకుని, మళ్లీ విప్పేస్తాడు. వ్యాపారి చెయ్యి వేసినచోటల్లా గుడ్డతో తుడుస్తాడు. చివరిది మిగతావాటికన్నా బలమైనది. ఎందుకంటే అది ఎదుటి పాత్రను కూడా కదిలిస్తుంది. వ్యాపారి ఇక చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియని స్థితిలో పడతాడు.

పనికొచ్చే ప్రశ్నలో స్క్రిప్టులోని ఒక నిర్దిష్ట క్షణం, చేసే పని, ఒక హద్దు ఉంటాయి. విశేషణంతో జవాబు చెప్పగలిగితే ఆ ప్రశ్నను పక్కన పెట్టేయాలి. ఒక బైఠకుకు ఇలాంటి ప్రశ్న ఒక్కటి చాలు, రెండు ఎక్కువ.

తర్వాతి క్రమం ఆరుగురి బృందానికి ఇలా కుదురుతుంది. మొదటి 5 నిమిషాలు నిశ్శబ్దంగా తలా 3 రాస్తారు, పేర్లు రాయరు. కాగితాలు రెండుసార్లు చేతులు మారతాయి. అందిన కాగితం మీద ఉన్నవాటిని సాగదీయవచ్చు, తిరగేయవచ్చు. 15 నిమిషాల్లో 54 వస్తాయి. 6-3-5 పూర్తిగా నడిపి 108 రాబట్టడం నాటకంలో దండగ. వాటిని చదవడానికి పట్టే సమయంలో పది ఆలోచనలను నిలబడి చేసి చూడవచ్చు. ఆ తర్వాత 10 నిమిషాలు అన్నిటినీ బల్ల మీద పరిచి, మాట్లాడకుండా ఒకేసారి తలా 3 చుక్కలు పెడతారు. ఎక్కువ చుక్కలొచ్చిన 4, ఆ పాత్ర వేసే నటుడు తనంతట తాను ఎంచుకున్న 1, మొత్తం 5 మిగులుతాయి. నటుడి ఎంపికకు ఓట్లు అక్కర్లేదు. ఒంటి మీద మోయాల్సింది అతనే కదా.

ఇక పరీక్ష. ఒక్కో ఆలోచనకు 2 నిమిషాల సీను, అవే డైలాగులు, మారేది ఆ ఒక్క పనే. చీటీలు ఎంచుకునే సమయంలో ఇద్దరిని బయట ఉంచి, ఇప్పుడు పిలిచి కూర్చోబెడతారు. వాళ్లు ఏం చూశారో ఒక్క వాక్యం రాస్తారు. ‘వ్యాపారి వేలిముద్రలు చెరిపేస్తున్నాడు’ అని రాస్తే ఆలోచన వేదిక దాటినట్టు. ‘ఏదో బాధలో ఉన్నాడు’ అని రాస్తే దాటలేదు. వివరించి చెబితే తప్ప అందని ఆలోచన ఎంత అందమైనదైనా వదిలేయాలి. ఒక్కోదానికి రాసుకోవడంతో కలిపి 4 నిమిషాల చొప్పున 20, మొత్తం మీద 45 నిమిషాలు. అంతకుమించి లాగితే జాబితా పెరుగుతుంది గానీ ఆలోచన పెరగదు.

ఇదంతా చెడేది చిన్నచిన్న చోట్ల. దర్శకుడు ముందు నోరు తెరిస్తే మిగతా ఐదుగురూ ఆ దారిలోనే నడుస్తారు, కాబట్టి చివర మాట్లాడాలి. ‘అది కుదరదు’ అనకూడదని అందరికీ తెలుసు. ‘అబ్బ, భలే ఉంది’ అనడం కూడా తీర్పేనని మాత్రం తట్టదు. ఒకదాన్ని పొగిడాక వచ్చేవన్నీ దాని నకళ్లే. బోర్డు మీద రాసేవాళ్లు మాటను తమ శైలిలోకి దిద్దితే పదును పోతుంది, అన్నది అన్నట్టే రాయాలి. ముగ్గురు నలుగురికి ఒకే ఆలోచన వస్తే దాన్ని ఆమోదంగా కాక హెచ్చరికగా తీసుకోవడం మేలు. బృందానికి అంత తేలిగ్గా తట్టింది ప్రేక్షకుడికీ తడుతుంది.

గతం ఎంత కావాలి?

పాత్రకు పూర్వచరిత్ర అల్లడం మేధోమథనంలో అందరికీ ఇష్టమైన భాగం. ప్రమాదమూ అక్కడే. పుట్టిన ఊరు, మొదటి ప్రేమ, చనిపోయిన తమ్ముడు అంటూ మూట పెరిగేకొద్దీ నటుడి నడక నెమ్మదిస్తుంది. ప్రతి డైలాగు ముందూ ఆ మూట విప్పి చూసుకుంటాడు. ప్రతి వివరానికీ వడపోత ఒకటే: దీనివల్ల ఏ డైలాగు చెప్పే తీరు మారుతుంది? ఏదీ మారకపోతే కొట్టేయాలి. కంపోజిటర్ తండ్రి కూడా ఆ యంత్రం మీదే పనిచేశాడన్నది వ్యాపారి తూకం మాట ఎత్తినప్పుడు ఉపయోగపడుతుంది. అతనికి సముద్రమంటే భయమన్నది ఈ గదిలో ఎక్కడా అక్కరకు రాదు.

రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ చెప్పిన ‘ఒకవేళ ఈ పరిస్థితిలో నేనే ఉంటే’ అనే ప్రశ్నను చాలామంది బల్ల దగ్గర కూర్చుని చేసే సుదీర్ఘ చర్చకు ఆధారంగా చూపుతారు. ఆయన చివరి ఏళ్లలో ఆ సుదీర్ఘ చర్చనే తగ్గించి, నటుల్ని త్వరగా లేపి పనుల ద్వారా పాత్రను వెతికించే దిశగా వెళ్లిన సంగతి అంతగా ప్రస్తావనకు రాదు.

హాట్ సీట్ పద్ధతి ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. నటుడు పాత్రగానే కుర్చీలో కూర్చుంటాడు, మిగతావాళ్లు ప్రశ్నలు వేస్తారు. 10 నిమిషాలు చాలు. పాత్రకు అబద్ధం చెప్పే హక్కు, ‘చెప్పను’ అనే హక్కు రెండూ ఉంటాయి. నిజానికి రాసుకోవాల్సినవి ఆ రెండే: ఎక్కడ అబద్ధమాడింది, ఎక్కడ మాట దాటేసింది. ‘మీకు బాధగా ఉందా?’ లాంటి ప్రశ్నకు వచ్చే జవాబు దేనికీ కొరగాదు. ‘జేబులో ఏముంది?’ అన్నదానికి వచ్చే జవాబు పనికొస్తుంది. ఒక జాగ్రత్త: నటుడి సొంత గాయాల్ని నలుగురిలో తవ్వించకూడదు. అడగాల్సింది పాత్రను.

డైలాగు స్థాయిలో క్రియాపదాల మేధోమథనం తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇస్తుంది. దర్శకుడు మ్యాక్స్ స్టాఫర్డ్-క్లార్క్ ప్రతి డైలాగుకూ ఎదుటివాడి మీద చేసే ఒక పనిని జతచేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ‘దీని బరువెంతో మీకు తెలుసా?’ అన్న ఒక్క డైలాగుకు ఆరుగురూ తలా 3 క్రియలు రాస్తే బతిమాలడం, దెప్పడం, నిలదీయడం, ఊరించడం, ఆటపట్టించడం, సాగనంపడం బయటికొస్తాయి. తెలుగులో ఈ ఖజానా పెద్దది. దెప్పడానికి, ఎత్తిపొడవడానికి, సాధించడానికి మధ్య తేడా తెలుగు నటుడికి గొంతులోనే ఉంటుంది.

ప్రొడక్షన్ కోసం: హద్దులు ముందు, ఊహలు తర్వాత

పాత్ర విషయంలో ఆలోచన తప్పైతే పోయేది ఒక మధ్యాహ్నం. సెట్టు, లైటింగ్, దుస్తుల విషయంలో తప్పైతే కలప, గుడ్డ, డబ్బు పోతాయి. అందుకే ఇక్కడ హద్దుల్ని మొదటే బల్ల మీద పెట్టాలి: వేదిక కొలతలు, ప్రవేశాలు ఎన్ని, పక్క సీట్లలోంచి ఎంత కనిపిస్తుంది, సీను మారడానికి ఎన్ని సెకన్లు, మొత్తం ఖర్చు. ‘సెట్టు ఎలా ఉండాలి?’ అన్న ప్రశ్న పాత్ర దగ్గర చూసిన విశేషణాల బురదలోకే తీసుకెళ్తుంది. ‘యంత్రాన్ని వేదిక మీదికి తేలేం. అది ఉన్నట్టు ఎలా తెలియాలి?’ అనడం ప్రశ్న.

శబ్దం మాత్రమే వినిపించవచ్చు. నీడ పడవచ్చు. లేదా యంత్రం అప్పటికే తరలిపోయి, అది ఉన్నచోట మసి అంటని దీర్ఘచతురస్రం నేల మీద మిగిలి ఉండవచ్చు. మూడోదానికి మొగ్గడం సమంజసం. నేల మీద రంగు వేస్తే సెట్టు పని అయిపోతుంది. లైటింగ్‌కు ఒక అంచు దొరుకుతుంది. కంపోజిటర్ అలవాటు కొద్దీ ఆ ఖాళీ చుట్టూ తిరిగి వెళ్తాడు, వ్యాపారి అడ్డంగా తొక్కుకుంటూ పోతాడు. అయితే చిక్కొకటి వస్తుంది. యంత్రం ముందే వెళ్లిపోతే తూకం బేరం సీనుకు ఆధారం పోతుంది, కథ కాలాన్ని జరపాలి. ప్రొడక్షన్ ఆలోచన స్క్రిప్టును తాకిన క్షణాన రచయిత గదిలో ఉండాల్సిందే. ఒకే ఆలోచన రెండు మూడు విభాగాలకు పని కల్పిస్తే అది సాధారణంగా చవక, బలమైనది. ఒక్క విభాగానికే మెరుపునిచ్చేది చాలాసార్లు అలంకారంగానే మిగిలిపోతుంది.

ఎవరి విభాగం గురించి వాళ్లే రాయడం ఇక్కడ సాధారణ లోపం. మొదటి విడతలో విభాగాలు తారుమారు చేస్తే మంచిది. లైటింగ్ చూసేవాళ్లు దుస్తుల గురించి, స్టేజి మేనేజర్ సంగీతం గురించి రాయాలి. సాధ్యమా కాదా అన్నది రెండో విడతలో ఆ పని తెలిసినవాళ్లు చెబుతారు.

నేల మీద చేసి చూడటానికి ఇక్కడ సమానమైనది తెల్ల అట్టతో చేసే నమూనా. 1:25 కొలతలో 10 మీటర్ల వేదిక 40 సెంటీమీటర్లకు వస్తుంది, మనిషి సుమారు 7 సెంటీమీటర్లుంటాడు. రంగులు వేయకుండా ఉంచడం కావాలనే. రంగు పడితే కళ్లు దానికే అతుక్కుని, దారులు మూసుకుపోయిన సంగతి కనిపించదు. ఈ నమూనాపై నిర్ణయమయ్యాక, కొలతల డ్రాయింగులు వడ్రంగి చేతికి వెళ్లిన రోజుతో సెట్టు గురించి మేధోమథనం ముగిసినట్టే. తలుపు ఎటు తెరుచుకోవాలో ఆ తర్వాత కూడా చర్చిస్తే డబ్బు కన్నా ముందు నమ్మకం ఖర్చవుతుంది.

ఇంకొక బైఠకు మాత్రం చివరి రెండు వారాల్లో పెట్టుకోదగ్గది. మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ 2007లో ప్రీమార్టమ్ పేరుతో వివరించిన పద్ధతి అది: పని అప్పటికే విఫలమైందని అనుకుని కారణాలు రాయడం. ‘మొదటి ప్రదర్శన పాడైంది, ఎందుకు?’ అని అడిగితే, ‘ఏమైనా సందేహాలున్నాయా?’ అన్నప్పుడు మర్యాదకు నోరు మెదపనివాళ్లు కూడా రాస్తారు. దుస్తులు మార్చుకోవడానికి సమయం చాలలేదు. ఫలానా డైలాగు నటుడు మింగేశాడు, దాని కోసం ఆగిన సౌండ్ ఆగినట్టే ఉండిపోయింది. సీసపు అక్షరాల పెట్టె దొర్లి, తర్వాతి సీనులో చెప్పుల్లేకుండా నడవాల్సినవాళ్ల కాళ్ల కిందికి చేరింది. ప్రతి కారణం పక్కనా ఒక మనిషి పేరు, ఒక తేదీ పడాలి. లేకపోతే అది భయాల జాబితాగానే ఉండిపోతుంది.

ఎవరి ఆలోచన?

ఆలోచనలు కలిసిపోవడమే ఈ పద్ధతి బలం, తగాదాలకు మూలం కూడా అదే. న్యూయార్క్‌లో 1974లో నృత్యకారులు తమ జీవితాల గురించి మాట్లాడిన టేపుల నుంచి 1975లో ‘ఎ కోరస్ లైన్’ అనే సంగీత నాటకం వచ్చింది. మాట్లాడినవాళ్లు మొదట నామమాత్రపు సొమ్ముకు హక్కులు రాసిచ్చారు. ప్రదర్శన విజయవంతమయ్యాక రాబడిలో వాళ్లకు వాటా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. స్క్రిప్టు మీద పేరు ఎవరిది, బృందం పేరు ఎక్కడ పడుతుంది, రాబడి వస్తే పంపకం ఎలా అన్నవి మొదటి బైఠకుకు ముందే కాగితం మీద ఉండాలి. చీటీలపై పేర్లు రాయకూడదన్న నియమానికి బృందం ఒప్పుకునేది ఈ కాగితం ఉన్నప్పుడే.

తేదీలు వేసిన జాబితాలు, ఓడిపోయిన చీటీలతో సహా, స్టేజి మేనేజర్ దగ్గర భద్రంగా ఉండాలి. వాటి అవసరం ప్రదర్శనలు నడుస్తుండగా నటుడు మారినప్పుడు వస్తుంది. పాతవాడు ఎంచుకున్న పనులన్నీ కొత్తవాడికి అప్పజెప్పడం సులువే, కానీ గుడ్డతో తుడిచే ఆ కదలిక అప్పుడు అనుకరణగా మారుతుంది. అతనికి మొదట ఇవ్వాల్సింది ప్రశ్న: బేరం జరుగుతున్న ఆ 3 నిమిషాలూ నీ చేతులు ఏం చేస్తుంటాయి? తలా 3 రాసేందుకు 5 నిమిషాల సమయమూ ఇవ్వాలి. పాత జాబితా అతను తనది రాశాక చూడవచ్చు.